సముద్రం కిందుండాలి

మా అక్క పదో తరగతిలో అన్నీ పాసై ఒక్క సోషల్‌లో నాలుగు మార్కుల తేడాతో పోయింది. లెక్కల్లో పోతే ఊళ్లో జాలి చూపిస్తారు. ఇంగ్లీషులో పోతే "మనకెక్కడొస్తాది ఆ బాస" అని సర్దిచెబుతారు. సోషల్‌లో పోయినవాళ్ల మీద మాత్రం ఎవరికీ జాలి ఉండదు. "రాజుల కతలు కూడా రాయలేకపోయిందేటి?" అని చుట్టాలంతా వరసపెట్టి అడిగారు. అడిగినవాళ్లలో సగం మంది బడి గుమ్మం తొక్కనివాళ్లే. అక్క ఆ మాటలు రెండు నెలలు విని, ఇక వినలేక, కొండ దిగి సముద్రం ఒడ్డున ఉన్న రొయ్యల కంపెనీలో పనికి చేరింది.

ఆ కంపెనీలో రోజంతా నిలబడి, ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల పొట్టు వలవాలి. సెలవుకి వచ్చినప్పుడు అక్క వేళ్లు చూశాను. చివర్లు తెల్లగా నాని, చాలాసేపు నీళ్లలో ఉన్నవాళ్ల వేళ్లలా ముడతలు పడి ఉన్నాయి. అవి మళ్లీ మామూలయ్యేలోపే సెలవు అయిపోయేది.

నేను పదో తరగతిలోకి వచ్చిన రోజున అయ్య నన్ను కూర్చోబెట్టి ఒకటే మాట అన్నాడు. "సూడు గుంటా. పాసైతే కాలేజీ. పోతే నువ్వూ మీ అక్క దగ్గరికే. మద్దిన ఇంకేటీ లేదు." అయ్య కోపిష్టి కాదు. ఆ మాట చెప్పడానికి ఆయనకే కష్టంగా ఉందని గొంతులో తెలిసింది. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

అప్పుడు నేను అరకు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో, హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. మిగతా సబ్జెక్టులతో నాకు గొడవ లేదు. సోషల్‌తోనే వచ్చింది. అందులోనూ చరిత్రతో కాదు. ప్రపంచ యుద్ధాలంటే మా క్లాసు పిల్లలు తల పట్టుకునేవారు గానీ, నాకు అవి చాలా తేలిగ్గా బుర్రకెక్కాయి. ఒక ఊరికి ఇంకో ఊరితో తగువు వస్తుంది. ఆ ఊరికి పిల్లనిచ్చిన ఊరు కర్ర పట్టుకుని దిగుతుంది, ఈ ఊరికి మేనమామల ఊరు ఇంకో కర్ర పట్టుకుని దిగుతుంది. చూస్తూ చూస్తూ ఉండగానే మొదట కొట్టుకున్న ఇద్దరూ పక్కకి పోయి, సంబంధం లేనివాళ్లు తలలు పగలగొట్టుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధం కూడా అంతే కదా. కారణాలు రాయమంటే నాలుగు పేజీలు రాసేదాన్ని.

మా కొండల్లో తగువు తీర్చేటప్పుడు తప్పు చేసినవాళ్లు మేకనో పందినో తప్పు కింద ఇవ్వాలి. ఇస్తే సరిపోదు. దాన్ని కోసి వండి, రెండు పక్షాలూ ఒకే పంక్తిలో కూర్చుని తినాలి. తినకుండా లేచిపోయారంటే తగువు తీరలేదని లెక్క, మళ్లీ ఎప్పుడో లేస్తుంది. అందుకని వర్సాయ్ సంధి ఎందుకు విఫలమైందన్న ప్రశ్నకి నేను ఏ గైడులోనూ లేని కారణం ఒకటి చేర్చాను: "జర్మనీ చేత తప్పు కట్టించారు కానీ, రెండు పక్షాలూ కలిసి భోజనం చేయలేదు." మా సోషల్ మేడమ్ దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ఒక మార్కు వేసి, ఆ తర్వాత స్టాఫు రూములో అందరికీ చదివి వినిపించారట. నవ్వితే నవ్వారు, మార్కు వచ్చింది.

నా శత్రువు మ్యాపు.

మా ఊరు అనంతగిరి వైపు, మైదానానికి ముఖం పెట్టిన కొండవాలులో ఉంటుంది. ఇంటి ముందు నిలబడితే ఎదురుగా కింద మైదానం, మబ్బు లేని రోజున దాని చివర సన్నటి మెరుపు కనిపిస్తుంది. అదే సముద్రం అని పెద్దవాళ్లు చెప్పేవారు. మా మాటల్లో తూర్పు, పడమర అనే పదాలు వినిపించవు. పైన, కింద, ఈ పక్క, ఆ పక్క. పైన అంటే కొండ, కింద అంటే మైదానం. ఊరి గెడ్డలో నీళ్లు పై నుంచి కిందకి పోతాయి. మేము కిందకి పోయి ఉప్పు, బట్టలు తెచ్చుకుంటాం. పొద్దున్నే సూర్యుడు కూడా కింద నుంచే వచ్చి, సాయంత్రం పైన కొండ వెనక్కి పోతాడు. పదిహేనేళ్లు ఇలాగే బతికాను, ఎప్పుడూ దారి తప్పలేదు.

మేడమ్ కింది నుంచి, అంటే మైదానం నుంచి వచ్చినావిడ. మంచి మనిషే, కానీ నోరు పెద్దది. గోడకి మ్యాపు తగిలించి, బెత్తంతో పొడుస్తూ పాఠం చెప్పేవారు. "మనకి పైన చైనా. కింద శ్రీలంక. మన వైజాగుకి కిందకి వెళితే చెన్నై." ఆవిడ పైన అంటే ఉత్తరం. నా పైన వేరు. ఆ సంగతి ఆవిడకి తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం ఒకే మాట వాడుతున్నాం కాబట్టి అర్థమవుతోందనే అనుకున్నాం.

ప్రీఫైనల్ పరీక్షలో ఖాళీ మ్యాపు ఇచ్చి చెన్నైని గుర్తించమన్నారు. వైజాగు చుక్క ఎక్కడుందో నాకు తెలుసు. దానికి కింద చెన్నై. వైజాగుకి కింద అంటే ఇంకేముంటుంది, సముద్రమే. బంగాళాఖాతంలో ఒక చుక్క పెట్టి, పక్కన అందంగా పేరు రాశాను. నైలు నది ఏ దిక్కుకి పారుతుందో బాణం గుర్తు వేయమన్నారు. అప్పటికి నాకు ఇంకో అనుమానం పట్టుకుంది. గోడమీద మ్యాపులో పైనున్నది ఎత్తు, కిందున్నది పల్లం అయి ఉండాలి కదా. ఏ గెడ్డా పైకి పారడం నేను చూడలేదు. మధ్యధరా సముద్రం నుంచి ఆఫ్రికా పొట్టలోకి నైలుని కిందకి పారించాను. సముద్రంలోంచి నది పుట్టడమేమిటని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అంత ధైర్యంగా తప్పు రాయడం ఆ తర్వాత నాకెప్పుడూ చేతకాలేదు.

మేడమ్ పేపర్లు పంచుతూ నా దగ్గర ఆగారు. "చెన్నై జనాన్నంతా ముంచేశావు కదే తల్లీ! నైలు నదిని వెనక్కి తోలేశావు. ఈజిప్టువాళ్లు నీళ్లు లేక చచ్చిపోవాలా?" క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఏడుస్తానని. మార్కులు చూసుకుంటే ముప్ఫై ఒకటి. ముప్ఫై అయిదు వస్తేనే పాసు. అచ్చం అక్కలాగే నాలుగు తక్కువ. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే నా వేళ్లు నాకే తెల్లగా కనిపించాయి.

తర్వాత వారం సెలవులకి ఇంటికి వెళ్లాను. అక్క కూడా కంపెనీ నుంచి వచ్చి ఉంది. చలి రోజులు. మా వాకిలి కొంచెం వాలుగా ఉంటుంది. నేను వీపుకి ఎండ తగిలేలా మైదానానికి వెన్ను తిప్పి, ఇంటివైపు చూస్తూ కూర్చుని సోషల్ పుస్తకం నేలమీద పరుచుకున్నాను. అది అక్క పుస్తకమే. మ్యాపుల పేజీలు మాత్రం ఒక్క మడత కూడా పడకుండా కొత్తగా ఉండేవి. అక్క వాటి జోలికి పోలేదు. పరీక్షలో కూడా ఖాళీ మ్యాపుని ఖాళీగానే దారంతో పేపరుకి కట్టేసి వచ్చేసింది.

అక్క చోడి అంబలి గిన్నె పట్టుకుని వచ్చి నా పక్కన కూలబడింది.

"ఏటి సేత్తన్నావే?"

"మ్యాపు."

"మా రొయ్యల పెట్టెల మీద జపాన్ అని రాసుంటాది. అదెటుందో సూపించు."

అక్క రోజూ ఆ పెట్టెలు నింపుతుంది. అవి ఎక్కడికి పోతున్నాయో ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను ప్రపంచ పటంలో జపాన్ చూపించాను. అక్క పుస్తకాన్నీ, నన్నూ, నా వెనక మైదానాన్నీ మార్చి మార్చి చూసింది.

"సముద్రమేమో నీ ఈపెనకాలుంది. కాయితంలో పక్కనుందేటే?"

"మ్యాపంటే అలాగే ఉంటాది."

"ఎవులు సెప్పినారు?" అంటూ అక్క రెండు వేళ్లతో పుస్తకాన్ని పట్టుకుని తిప్పేసింది. కుడివైపున్న అంచు నా ఒళ్లోకి వచ్చింది. బంగాళాఖాతం నా మోకాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

నేను పుస్తకం మీదకి వంగి చూశాను. పేజీ తిప్పి భారతదేశ పటం కూడా అలాగే పెట్టుకున్నాను. పడమటి కనుమలు పైకి పోయాయి, పైన కొండలు ఉండాల్సిన చోటికే. అక్కడి నుంచి గోదావరి, కృష్ణ, కావేరి వరసగా దిగి నా ఒళ్లోకి పారుతున్నాయి. చెన్నై మాకు కింద కాదు, పక్క! ఒడ్డు పట్టుకుని పక్కకి నడుచుకుంటూ పోతే వస్తుంది. శ్రీలంక ఇంకా అటు పక్క. చైనా ఇటు పక్క. నర్మద, తపతి మాత్రం మొండికేసి పైకి పారుతున్నాయి, ఆ మొండితనం వల్లే అవి జన్మలో మరిచిపోను. నైలు ఆ పక్క నుంచి ఈ పక్కకి పోతోంది, దాని దారిన అది. యుద్ధాలు కూడా కుదురుగా సర్దుకున్నాయి. జర్మనీవాళ్లు పైకెక్కి ఫ్రాన్సు మీద పడ్డారు, కిందకి దిగి పోలండు మీద పడ్డారు.

"మరి జపాన్?" అంది అక్క.

"సముద్రం దాటి ఇంకా కింద."

"కిందకి కిందా! అయితే సూరీడు మన కన్నా ముందు ఆలకే కనిపిత్తాడేటి?"

"అవునే."

"మేం పొద్దున్నే లేచి రొయ్యలు వల్తంటే, ఆలు అప్పుడికే అన్నం తినీసుంటారన్నమాట," అంది అక్క. ఆ మాట అన్నాక ఇద్దరం ఎందుకో పడీ పడీ నవ్వుకున్నాం. సోషల్‌లో పోయిన మనిషి కాలమానం గురించి చెప్పిన మాట అది. మా క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల కూడా అలా చెప్పలేదు. ఆ రోజు నాకు అక్క మీద పట్టలేనంత ప్రేమ కలిగింది, చెప్పలేదు.

అప్పటి నుంచి నేను మ్యాపుని తిప్పే చదివాను. ఒక చిక్కు మాత్రం ఉంది. తిప్పి ఉంచి పేర్లు రాస్తే, దిద్దేవాళ్లకి అక్షరాలు పడుకున్నట్టు కనిపిస్తాయి. కాబట్టి తిప్పి చుక్క పెట్టాలి, మళ్లీ నిటారుగా చేసి పేరు రాయాలి. ఇంకో చుక్కకి మళ్లీ తిప్పాలి. హాస్టల్లో అలవాటు చేసుకున్నాను. మేడమ్‌కి చెప్పలేదు. ఆవిడ నోటికి భయపడ్డాను.

సోషల్ పరీక్ష వేరే బడిలో. గదిలో ఉన్న ఇన్విజిలేటరు మాకు తెలియని మాస్టారు. రాతంతా బాగానే అయింది, చివరికి మ్యాపు మిగిలింది. ఖాళీ మ్యాపు విడి కాగితం కదా, చేతిలోకి తీసుకుని తిప్పాను. చుక్క పెట్టాను. మళ్లీ తిప్పాను. పేరు రాశాను. నాలుగో అయిదోసారి తిప్పేటప్పుడు కాగితం నా చేతిలో కాస్త పైకి లేచినట్టుంది.

"ఏయ్! ఎవరికి చూపిస్తున్నావ్?"

మాస్టారు రెండంగల్లో వచ్చి నా చేతిలోంచి మ్యాపూ, బల్లమీది పేపరూ లాగేసుకున్నారు. నన్ను నిలబడమన్నారు. నా వెనక బల్లలో ఉన్న అమ్మాయిని కూడా నిలబెట్టారు. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు, పాపం ఏడుపు మొదలుపెట్టింది. నేను ఏ తప్పూ చేయలేదు, అయినా చెమటలు పట్టి, అటూ ఇటూ చూస్తూ, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే తయారయ్యాను. మాస్టారికి అనుమానం ఇంకా గట్టిపడింది. సరిగ్గా అప్పుడే బయట జీపు ఆగింది. స్క్వాడు.

స్క్వాడు అంటే చెప్పాపెట్టకుండా వచ్చి తనిఖీ చేసే అధికారులు. కాపీ కొట్టారని వాళ్లు రాస్తే ఆ పరీక్ష పోయినట్టే. ఒక పెద్దాయన లోపలికి వచ్చారు. మాస్టారు నా పేపరు ఆయన చేతిలో పెట్టి, "మ్యాపు పైకెత్తి వెనకవాళ్లకి చూపిస్తోందండీ, అయిదుసార్లు చూశాను," అన్నారు. ఇంకేం లేదు, కంపెనీయే అనుకున్నాను. ఐసు నీళ్ల చల్లదనం మోచేతుల దాకా పాకింది.

పెద్దాయన అడిగారు: "మ్యాపు ఎందుకు తిప్పుతున్నావమ్మా?"

నేను ఆయన చేతిలోని మ్యాపు వైపే చూశాను. ఆయన మళ్లీ అడిగారు. చివరికి నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట.

"సముద్రం కిందుండాలి సార్."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. ఏ ఊరు అని అడిగితే చెప్పాను. ఆయన ఖాళీ మ్యాపు ఇంకొకటి తెప్పించి నా ముందు నిటారుగా పెట్టి, "కృష్ణా నది సముద్రంలో ఎక్కడ కలుస్తుందో చూపించు," అన్నారు. చూశాను. వెతికాను. వేలు కదలలేదు. "తిప్పుకో," అన్నారు. తిప్పుకున్నాను. వేలు దానంతటదే పోయి ఒడ్డు దగ్గర ఆగింది. "కావేరి? ముంబయి? నర్మద?" వరసగా చూపించాను. "జర్మనీ?" అని ప్రపంచ పటం పెట్టారు. అదీ చూపించాను. నేను చూపిస్తున్న కొద్దీ నా గొంతు కూడా తిరిగి వచ్చింది, నర్మద ఎందుకు మొండిదో కూడా చెప్పేశాను.

ఆయన వెనక అమ్మాయి పేపరు తీసి చూశారు. ఆమె ఇంకా మ్యాపు దాకా రానేలేదు, మడత కూడా విప్పలేదు.

"ఏటి మాస్టారూ," అన్నారు పెద్దాయన ఇన్విజిలేటరుతో, "పిల్ల దిక్కులు సూసుకుంటంటే కాపీ అంటారేటి? ఇచ్చేయండి." నావైపు తిరిగి, "తిప్పుకో తల్లీ, ఎన్నిసార్లయినా తిప్పుకో. బల్ల మీదే తిప్పు, పైకెత్తకు. బేగి రాయి, టైమైపోతంది," అన్నారు.

కూర్చున్నాను. బతుకు జీవుడా అనే మాట పుస్తకాల్లో చాలాసార్లు చదివాను గానీ, దాని అర్థం నాకు తెలిసింది ఆ బల్ల మీదే. కన్నీళ్లు మ్యాపు మీద పడి ఇంకు చెదురుతుందేమోనని ఓణీతో ముఖం తుడుచుకుని, మిగతా చుక్కలు పెట్టాను. గంట కొట్టడానికి ముందే దారం కట్టేశాను. ఇన్విజిలేటరు మాస్టారు నా పేపరు తీసుకుంటూ, "ముందే చెప్పొచ్చు కదమ్మా," అని గొణిగారు. ఎవరితో చెప్పాలి, ఏమని చెప్పాలి? అయినా ఆయన మీద కోపం రాలేదు. ఆ పూట నాకు ఎవరి మీదా కోపం రాలేదు. బయటికి వచ్చి కుళాయి కింద తల పెట్టి కడుపునిండా నీళ్లు తాగాను.

ఫలితాలు వచ్చిన రోజున అయ్య, నేను ఊరి పైన సిగ్నలు దొరికే బండ దగ్గరికి వెళ్లాం. ఫోన్లో పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. సోషల్ అరవై ఎనిమిది. అయ్య ఆ అంకె మీద వేలు పెట్టి, "ఇదేనేటి? ఇది సోసలేనేటి?" అని మూడుసార్లు అడిగాడు. అవునని మూడుసార్లు చెప్పాను. ఆయన బండ మీద కూర్చుని, తలపాగా విప్పి, ముఖం అందులో దాచుకున్నాడు. కాసేపటికి తలెత్తి, "అక్కకి సెప్పు," అన్నాడు.

అక్క షిఫ్టు దిగి కంపెనీ హాస్టలుకి వెళుతోంది. పాసయ్యానని చెబితే ఫోనులోనే కేక పెట్టింది. పరీక్షలో జరిగిందంతా ఆయాసపడుతూ చెప్పాను. మాస్టారు లాక్కోవడం, స్క్వాడు రావడం, పెద్దాయన తిప్పుకోమనడం. నేను చెబుతుంటే అటువైపు ఊ కొట్టడం ఆగిపోయింది. లైను పోయిందనుకున్నాను.

"ఉన్నావేటే?"

"ఉన్నాను," అంది అక్క. "పరీచ్చలో కూడా తిప్పొచ్చేటే? నాకు తెల్దు."

ఆ మాటకి నాకు పాసైన సంతోషం సగం చచ్చిపోయింది. వాకిట్లో పుస్తకాన్ని రెండు వేళ్లతో తిప్పేసిన మనిషి, మన ఇంటి నేల మీద ఏదైనా తిప్పొచ్చు గానీ ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని తిప్పకూడదు అనుకుంది. ఖాళీగా కట్టేసి వచ్చింది. ఆ నాలుగు మార్కులూ అందులోనే ఉన్నాయి.

మరుసటి ఏడు అక్క చేత సోషల్ పరీక్షకి మళ్లీ ఫీజు కట్టించాను. ససేమిరా అంది. వయసు దాటిపోయింది, సిగ్గు, పిల్లల మధ్య కూర్చోవాలి అంది. నేను వినలేదు, మా మేడమ్ నోరు అప్పటికి నాకూ వచ్చేసింది. పరీక్ష రోజున కాలేజీ మానేసి సెంటరు గేటు బయట నిలబడ్డాను. మూడు గంటలపాటు నా పరీక్ష కంటే ఎక్కువ భయపడ్డాను.

గంట కొట్టారు. పిల్లలంతా వచ్చేశాక, చివర్లో అక్క వచ్చింది. అట్ట చంకలో పెట్టుకుని, నెమ్మదిగా, పెళ్లిభోజనం చేసి వస్తున్నట్టు నడుచుకుంటూ వచ్చింది. "ఎలా రాసినావే?" అని అరిచాను.

అక్క నా దగ్గరికి వచ్చింది. వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"తిప్పీసినానే. నాలుగు పక్కలా తిప్పీసినాను. ఎవులూ ఏటీ అన్లేదు."